ఉగ్గుగిన్నెలో చేపపిల్లలు

మొన్న మా తమ్ముడు బాపట్ల నుంచి వస్తూ, పాత పేపర్లో చుట్టిన చిన్న పొట్లం ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. మా మేనత్త పోయి నెల దాటింది. తొంభైకి దగ్గరపడిన మనిషి, ఎవరిచేతా ఒక్కపూట చేయించుకోకుండా, మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చి అలాగే వెళ్ళిపోయింది. ఆవిడకు పిల్లలు లేరు. కర్మ వాడే చేశాడు, ఇల్లు సర్దే పనీ వాడి మీదే పడింది. "బీరువాలో చీరల కింద దొరికిందక్కా. పైన చీటీ మీద నీ పేరు రాసిపెట్టుకుంది. దీపంలో నూనె పోసే గిన్నె అనుకుంటా" అన్నాడు. విప్పి చూస్తే నల్లబడిన వెండి ఉగ్గుగిన్నె. అరచేతిలో ఇమిడిపోయేంత చిన్నది. ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు, ఆ ముక్కు పక్కన ఒక సొట్ట. ఇద్దరు పిల్లల తండ్రికి ఉగ్గుగిన్నెకీ నూనెగిన్నెకీ తేడా తెలియనందుకు నవ్వొచ్చింది. సీసాపాలతో పిల్లల్ని పెంచినవాడు, వాడి తప్పేముంది. కానీ వాడు పుట్టిన ఇరవై ఒకటో రోజున పాలు తాగింది ఈ గిన్నెతోనే. దానికి మూడు నాలుగు వారాల ముందు ఇదే గిన్నెలో పదిహేడు చేపపిల్లలు ప్రాణాలు దక్కించుకున్నాయి. ఆ సంగతి చెప్పాలంటే నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. యాభై ఏళ్ళ పైబడి చెబుతూనే ఉన్నాను. నమ్మేవాళ్ళే దొరకలేదు.

అప్పుడు నేను ఆరో తరగతి. డెబ్భై ఏడు ఉప్పెనకు ఏడెనిమిదేళ్ళ ముందు మాట. మాది రేపల్లె. అమ్మకు నెలలు నిండుతున్నాయి, ఒంట్లో నలతగా ఉండి నన్ను కనిపెట్టుకునే ఓపిక లేదు. నాన్న నన్ను తెనాలిలో ఉన్న వాళ్ళక్క ఇంట్లో దించి, అక్కడి బళ్ళోనే కూర్చోబెట్టే ఏర్పాటు చేసి వెళ్ళిపోయాడు. రేపల్లె బండి కనుమరుగయ్యేదాకా ఏడ్చి, ఆ తర్వాత అత్తయ్య పెట్టిన పెరుగన్నం కడుపునిండా తిని పడుకున్నానట. నాకు గుర్తులేదు గానీ అత్తయ్య నన్ను ఏడిపించడానికి ఈ ముక్క ఎప్పుడూ దాచిపెట్టుకునేది.

ఆ ఇంట్లో పొద్దు బావి గిలక చప్పుడుతో మొదలయ్యేది. నేను కళ్ళు తెరిచేసరికి అత్తయ్య తడిచీరతో పెరట్లో నుంచి వంటింట్లోకి వెళ్తూ ఉండేది. పిడకల పొగ, కాఫీ డికాక్షన్, దండెం మీద ఆరీఆరని మడిచీర, అన్నీ కలిసిన వాసన ఒకటి ఆ ఇంటికి ఉండేది. ఎక్కడైనా తడిబట్ట దగ్గర పిడకపొగ తగిలితే ఇప్పటికీ నాకు పదకొండేళ్ళు వచ్చేస్తాయి. వంటింట్లో నా ఎత్తున్న ఇత్తడి బియ్యం డబ్బా ఉండేది. దాన్ని నేను ముట్టుకుంటే తలస్నానం చెయ్యాల్సింది నేను కాదు, అత్తయ్య. అందుకని దాని పక్కనుంచి ఒళ్ళు ముడుచుకుని నడిచేదాన్ని. దాని పైన గోడకు చెక్క అర, ఆ అరమీద జంతికలు, సున్నుండలు, పుట్నాలపప్పు పొడి ఉండే డబ్బాలు. అడిగితే అత్తయ్యే తీసిపెట్టేది. అడక్కుండా అందుకునే దారి ఆ ఇంట్లో ఎవరూ ఊహించలేదు.

మామయ్య రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తా. మాట తక్కువ మనిషి. నాలుగు మాటలు అడిగితే ఒకదానికి సమాధానం చెప్పి, మిగతా మూడింటికీ ముక్కుపొడి పీల్చేవాడు. ఒకసారి మద్రాసు వెళ్ళినప్పుడు ఎవరింట్లోనో అద్దాల పెట్టెలో రంగుచేపల్ని చూశాడట. చూసినవాడు ఊరుకోకుండా, మళ్ళీ పాసు దొరకగానే వెళ్ళి, వెడల్పు మూతి సీసాలో రెండు నీలం గురామీ చేపల్ని ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. ఇనపచట్రం చేయించి, ఫొటోలు కట్టేవాడి దగ్గర అద్దాలు కోయించి, లప్పం పెట్టి, పదిసార్లు కారి పదకొండోసారి నిలిచిన పెట్టెను వసారాలో బల్లమీద పెట్టాడు. గుడ్డు కూడా గడప దాటని ఇంట్లో చేపలేంటని వీధిలో అందరూ ఆటపట్టించారు. నిజాంపట్నం నుంచి గంప నెత్తిన పెట్టుకుని మా వెనకవీధికి చేపలు తెచ్చే కోటమ్మ, దారిలో మా పెరటి గుమ్మం దగ్గర మంచినీళ్ళు తాగేది. ఆమె ఓసారి వసారాలోకి తొంగిచూసి, "ఇయ్యేం చేపలమ్మగారూ! కూరకి చాలవు, పులుసుకి చాలవు. వీటికి మళ్ళీ మీరే తిండి పెట్టాలా?" అని బుగ్గ నొక్కుకుంది.

శ్రావణమాసం వానల్లో మగచేప నీటిమీద నురగతో గూడు కట్టింది. నాలుగు రోజులపాటు అదే పని. నోట్లో గాలి నింపుకుని వచ్చి బుడగ వదలడం, చెదిరిన బుడగను సర్దడం. ఆడచేప గుడ్లు పెట్టగానే మామయ్య దాన్ని తీసి వేరే తొట్లో వేశాడు. ఇది అత్తయ్య చూసింది. చేపల పెట్టె వైపు ఎప్పుడూ రాని మనిషి, గుమ్మంలో నిలబడి, "అదేంటండీ, తల్లిని తీసేశారేంటి?" అంది. "ఉంటే పిల్లల్ని తినేస్తుంది. తండ్రే చూసుకుంటాడు. పిల్లలు ఈదడం మొదలెట్టాక వాణ్ణీ తీసెయ్యాలి" అన్నాడు మామయ్య. అత్తయ్య లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట కూరలో ఉప్పు మర్చిపోయింది.

అత్తయ్యకు మూడు కాన్పులు. ముగ్గురూ నెల తిరక్కుండానే పోయారు. ఇది నాకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు, పెద్దవాళ్ళ మాటల మధ్య విని పోగుచేసుకున్నాను. మొదటి కాన్పుకు మా నాయనమ్మ చేయించి ఇచ్చిన వెండి ఉగ్గుగిన్నె మూడుసార్లు పెట్టెలోంచి బయటికి వచ్చి మూడుసార్లూ పెట్టెలోకే వెళ్ళింది. ఆ తర్వాత అత్తయ్య పసిపిల్లల్ని ఎత్తుకోవడం మానేసింది. ఇరుగుపొరుగు ఎవరైనా బిడ్డను చూపించడానికి తెస్తే చేతులకు పసుపైందనో పిండైందనో దూరం నుంచే చూసి పంపేసేది. అప్పట్లో అందరూ అది మడి అనుకునేవాళ్ళు, నేనూ అనుకున్నాను.

గుడ్లు పగిలి పిల్లలు వచ్చాయి. పిల్లలంటే ఏమనుకున్నారో, కామా గుర్తుల్లా ఉన్నాయి. రెండొందల పైమాటే. వెనకనుంచి వెలుగు పడితే తప్ప కనబడవు. వాటి నోట్లో పట్టే తిండి మన కంటికి ఆనదు. మామయ్య ఎండుగడ్డి ఉడకబెట్టిన నీళ్ళల్లో అరటితొక్క ముక్కలు వేసి, కాలవనీళ్ళు గరిటెడు కలిపి, సీసాకు పల్చటి గుడ్డ కట్టి పిట్టగోడ మీద పెట్టేవాడు. రెండు రోజులకు ఆ నీళ్ళు తెల్లగా విరిగి, మరో రెండు రోజులకు తేటపడేవి. కుళ్ళు కంపు మాత్రం అలాగే ఉండేది. ఒక చుక్క అద్దం మీద వేసి ఎండకు పెట్టి చూపించాడు నాకు. దుమ్ములాంటిదేదో అందులో కదులుతోంది. అదే వాటి అన్నం. ఇంకు ఫిల్లరుతో ఐదంటే ఐదు చుక్కలు, రోజుకు నాలుగుసార్లు. "ఆరో చుక్క వేశావంటే నీళ్ళు చెడతాయి అమ్మాయ్. కడుపు చిన్నది కదా, మాటిమాటికీ పెట్టాలి, కొంచెం కొంచెం పెట్టాలి" అనేవాడు. "మద్రాసులో అయితే ఉడికిన గుడ్డు లోపలి పచ్చసొన గుడ్డలో వేసి పిండుతారు. తేలిగ్గా అయిపోతుంది. మనింట్లో అది కుదిరే పని కాదు, అందుకే ఈ కంపు" అని నవ్వాడు. ఆ పెద్దమనిషి పీట మీద మోకాళ్ళు మునగదీసుకు కూర్చుని, ఊపిరి బిగబట్టి చుక్కలు లెక్కపెడుతుంటే ఆయన ముక్కుపొడి రంగు కండువా నేలమీద జీరాడేది.

పిల్లలు ఈదడం మొదలుపెట్టిన ఐదో రోజున మామయ్యకు బాపట్ల స్టేషన్లో వారం రోజులు డ్యూటీ పడింది. ఫిల్లరు నా చేతికిచ్చి, "నీ మీదే పెట్టి వెళ్తున్నాను" అన్నాడు. నా పదకొండేళ్ళ జీవితంలో నామీద ఎవరూ ఏదీ పెట్టి వెళ్ళలేదు. మొదటి మూడు రోజులూ నేను ఎంత శ్రద్ధగా పెట్టానో చెబితే మీరు నన్ను మెచ్చుకుంటారు, అందుకని చెప్పను. నాలుగో రోజు రెండో శనివారం. బడి లేదు. మా వీధి చివర నా స్నేహితురాలింట్లో బొమ్మల పెళ్ళి. మగపెళ్ళివారం మేమే. పొద్దున్న ఎదురుసన్నాహం దగ్గర్నుంచి సాయంత్రం అప్పగింతల దాకా నేను లేకపోతే పెళ్ళి నడవదని నా నమ్మకం. మధ్యలో మూడుసార్లు ఇంటికొచ్చి చుక్కలు వెయ్యాలంటే ఎలా? నాకు గొప్ప ఆలోచన తట్టింది. నాలుగు పూటల తిండీ ఒక్కసారే పెట్టేస్తే సరిపోతుంది కదా! సీసాలో ఉన్న నీళ్ళన్నీ పెట్టెలో ఒంపేశాను. అవి చాలవేమో, పాపం ఆకలేస్తుందేమో అని ఇంకో అడుగు ముందుకేశాను. అత్తయ్య బావి దగ్గర ఉండగా బియ్యం డబ్బా ఎక్కి, పై అరలోంచి పుట్నాల పొడి గుప్పెడు తీసి నీళ్ళమీద చల్లాను. కాసేపు తేలి మెల్లగా అడుగుకు దిగింది. చేతులు గౌనుకు తుడుచుకుని పెళ్ళికి పరుగెత్తాను.

దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చేసరికి అత్తయ్య చేపల పెట్టె ముందు పీట మీద కూర్చుని ఉంది. ఆవిణ్ణి అక్కడ చూడటం అదే మొదలు. ఒళ్ళో ఉగ్గుగిన్నె. "ఎక్కడికి పోయావే కోడలా? మధ్యాహ్నం నుంచీ పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని వేలాడుతున్నాయి, ఆకలితో. సీసాలో చూస్తే చుక్క లేదు. మీ మామయ్య ఊళ్ళో లేడు. ఏం చెయ్యను? ఆవుపాలల్లో సగానికి సగం నీళ్ళు కలిపి గోరువెచ్చగా పట్టాను" అంది. గిన్నె ముక్కులోంచి సన్నని తెల్లటి ధార నీళ్ళలోకి దిగి విచ్చుకుంటోంది. ఆ తెలుపు చుట్టూ పిల్లలు కదులుతున్నాయి. "తాగుతున్నాయే! చూడు, ఎలా తాగుతున్నాయో!" అని నావైపు తిరిగింది. అత్తయ్య ముఖం అలా ఉండగా నేను అంతకుముందు చూడలేదు. అవి పైకి తేలింది ఆకలితో కాదనీ, పొద్దున నేను చేసిన పనికి నీళ్ళు చెడి ఊపిరాడకేననీ నాకు లీలగా తోచింది. అయినా ఆ ముఖం చూసి ఆ సంగతి చెప్పలేదు. భయం ఒకటి, ఆ సంతోషం చెడగొట్టలేకపోవడం ఒకటి. ఏది ఎంతో ఇప్పటికీ చెప్పలేను.

తెల్లారి లేచేసరికి పెట్టెలో నీళ్ళు కుడితిలా ఉన్నాయి. పులిసిన వాసన. పైన తెల్లటి పొర, ఆ పొరలో చచ్చిన పిల్లలు. అత్తయ్య తడిచీరతోనే నిలబడి ఉంది. చేతిలోంచి ఉగ్గుగిన్నె జారి గచ్చుమీద పడి సొట్టపోయింది. "నా చేతికి నిలవవే. తెలిసి తెలిసి చెయ్యి పెట్టాను" అంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. ఒక్క పరుగున వెనకవీధికి వెళ్ళాను. పొద్దున్న మొదటి బండికి దిగిన కోటమ్మ అప్పుడే గంప దించుతోంది. ఏం చెప్పానో ఏం ఏడ్చానో, గంపను ఎవరికో అప్పజెప్పి నాతో వచ్చింది.

కోటమ్మ పెట్టె మీదకు వంగి వాసన చూసింది. "పాలు పోశారా అమ్మగారూ? పాలు తాగే చేప ఎక్కడన్నా ఉంటదా తల్లీ!" అంది. కానీ వెంటనే అద్దానికి ముఖం ఆనించి, "ఉన్నయ్, ఉన్నయ్! మూలన ఇంకా తిరగతన్నయ్. మంచినీళ్ళున్నాయా?" అంది. మామయ్య నిలవపెట్టిన బావినీళ్ళు పెరట్లో కుండలో ఉన్నాయి. గుడ్డవల పెడితే ఆ పిల్లలు నలిగిపోతాయి. కోటమ్మ చుట్టూ చూసి, కింద పడి ఉన్న ఉగ్గుగిన్నె తీసి అత్తయ్యకు అందించింది. "దీంతో ముంచండి. నీళ్ళతో పాటే వచ్చేస్తయ్." అత్తయ్య చేతులు వెనక్కి పెట్టుకుంది. "నేను ముట్టుకోను కోటమ్మా. నువ్వు తియ్యి." కోటమ్మ తన రెండు చేతులూ చాచి చూపించింది. పొద్దుటినుంచీ ఉప్పుచేపలు తిరగేసిన చేతులు, వేళ్ళ సందుల్లో ఉప్పు మెరుస్తోంది. "ఈ చేతులు పెడితే ఉన్నయ్యి కూడా పోతయ్. మీరు తీస్తారా, పోనిస్తారా?" అని గట్టిగానే అంది. మా ఇంట్లో అత్తయ్యతో అలా మాట్లాడిన మనిషి ఇంకొకరు లేరు.

అత్తయ్య గిన్నె తీసుకుంది. అంచు నీళ్ళకు ఆనించి మెల్లగా వంచేది. నీళ్ళు లోపలికి జారేవి, వాటితో ఒకటో రెండో పిల్లలు వచ్చేవి. కొత్తనీళ్ళ బేసిన్లో గిన్నెను అలాగే ముంచి వదిలిపెట్టేది. పొద్దెక్కేదాకా అదే పని. వంట లేదు, పూజ లేదు. నేను వెలుగు పడేలా చేట మీద తెల్లకాగితం పరిచి పట్టుకుని నిలబడి లెక్కపెట్టాను. పదిహేడు. రెండొందల్లో పదిహేడు. కొత్త గడ్డినీళ్ళు తయారవడానికి నాలుగు రోజులు పడుతుంది. అంతవరకు ఇవి ఆగవు. నేను ఆ మాటే అన్నాను. అత్తయ్య కొంగుతో చేతులు తుడుచుకుని, గొంతు తగ్గించి అడిగింది. "కోటమ్మా, ఒక గుడ్డు తెచ్చిపెడతావా?" కోటమ్మ నోరు తెరిచింది. మళ్ళీ మూసేసింది. వెళ్ళి ఒక గుడ్డు కొంగులో కట్టుకుని తెచ్చింది.

పెరట్లో బాదం చెట్టు అవతల మూడు ఇటుకలు పెట్టి, పాత డబ్బాలో ఆ గుడ్డును అత్తయ్యే ఉడకబెట్టింది. ముక్కు చిట్లిస్తూనే పెంకు వొలిచింది. పచ్చసొన బఠాణీ గింజంత తీసి, చీరాల నుంచి తెప్పించుకున్న పాత పల్చటి మల్లుచీర ముక్కలో మూటకట్టి, నీళ్ళ గిన్నెలో పిండింది. నీళ్ళు పసుపురంగు తిరిగాయి. ఫిల్లరుతో ఐదు చుక్కలు వేసి, గడియారం చూసి, అప్పుడు వెళ్ళి బావి దగ్గర తలస్నానం చేసింది. మిగిలిన వారమంతా రోజుకు నాలుగుసార్లు ఇదే. మూడోరోజుకి స్నానాలు రెండుకు తగ్గాయి. పిల్లల పొట్టలు పసుపు చుక్కల్లా కనబడితే తిన్నట్టు లెక్క. "తిన్నాయే కోడలా" అనేది మెల్లగా. మొదటి రోజు అన్నంత గట్టిగా మాత్రం ఇక అనలేదు.

మామయ్య బాపట్ల నుంచి వచ్చాడు. అత్తయ్య దాచకుండా అంతా చెప్పింది, గుడ్డు సంగతి సహా. ఆయన పదిహేడింటినీ చూసి, ఖాళీ పెట్టె దగ్గరికి వెళ్ళి అడుగును వేలితో తడిమి, వేలు వాసన చూసి నావైపు ఒకసారి చూశాడు. ముక్కుపొడి తీశాడు. అంతే. రెండు రోజులకు రేపల్లె నుంచి ఉత్తరం. తమ్ముడు పుట్టాడు, తల్లీ బిడ్డా క్షేమం, ఇరవై ఒకటో రోజు బారసాల, మేనత్త వచ్చి ఉయ్యాల్లో వెయ్యాలి. మామయ్య ఉత్తరం పైకి చదువుతుంటే అత్తయ్య బియ్యం ఏరుతోంది. "మీరూ పిల్లా వెళ్ళండి. నేను రాను" అంది. మామయ్య ఏదో అనబోతే, "వద్దండీ. చేపపిల్లలకే నా చెయ్యి కలిసిరాలేదు. ఆ పసివాడి మీద పెట్టనా? మా తమ్ముడికి ఇన్నేళ్ళకి కలిగిన మగపిల్లాడు. నేను రాకపోతే వాళ్ళకి కోపమొస్తుంది, అంతేగా. రానీండి" అంది. చేట పక్కన పెట్టి లేచిపోయింది.

నేను అక్కడే ఉన్నాను. వంటింటి గుమ్మం దాకా వెళ్ళి ఒక్క గుక్కలో చెప్పేశాను. "అత్తయ్యా, చేపల్ని చంపింది నేను. నువ్వు పాలు పొయ్యకముందే నీళ్ళు చెడిపోయాయి. బొమ్మల పెళ్ళికి పోవాలని సీసా అంతా ఒంపేశాను. పుట్నాల పొడి కూడా గుప్పెడు వేశాను." అత్తయ్య పొయ్యి ముందు నుంచి తిరిగి చూసింది. "పుట్నాల పొడా? ఆ డబ్బా పై అరలో కదే ఉంటుంది. నీకెలా అందింది?" "బియ్యం డబ్బా ఎక్కాను." అత్తయ్య నన్ను కిందనుంచి పైదాకా చూసింది. పక్కనుంచి నడవడానికే వణికే పిల్ల మడి బియ్యం డబ్బా ఎక్కిందట! ఆవిడ ముఖంలో మొదట నవ్వు వచ్చింది, ఆ తర్వాత, వారం రోజులుగా రాని ఏడుపు వచ్చింది. నన్ను దగ్గరికి లాక్కుని, "నాకోసం అబద్ధాలు కూడా నేర్చావటే! ఎవరు నేర్పారే నీకు?" అని తలమీద ముద్దు పెట్టుకుంది. నేను ఒట్టేశాను, దేవుడి మీద వేశాను, అమ్మ మీద వెయ్యబోతే నోరు మూసింది. "చాల్లే. పసిపిల్లవి నువ్వే ఇంత కష్టపడి అబద్ధమాడితే, నేను రాకుండా ఎలా కూర్చుంటాను? వస్తాను, సరేనా?" అంది. నా జీవితంలో నిజం చెప్పి ఇంత ఘోరంగా ఓడిపోవడం మళ్ళీ జరగలేదు.

రేపల్లె బండిలో అత్తయ్య కిటికీ పక్కన కునుకు తీస్తుంటే మామయ్య నావైపు వంగాడు. "అడుగున పొడి నేను చూశాను అమ్మాయ్" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. "మరి అత్తయ్యకి మీరు చెప్పండి. మీరు చెప్తే నమ్ముతుంది" అన్నాను. ఆయన నిద్రపోతున్న అత్తయ్య వైపు ఒకసారి చూశాడు. "నమ్మితే నిన్ను నాలుగు తిట్టి ఊరుకుంటుంది. నమ్మలేదు కాబట్టే బండెక్కింది. ఇప్పటికి వదిలెయ్" అన్నాడు. చేపల గురించి తప్ప ఆయన నాతో ఒకేసారి అన్ని మాటలు మాట్లాడటం అదొక్కసారే.

బారసాల నాడు రేపల్లె ఇల్లు చుట్టాలతో కిటకిటలాడింది. అత్తయ్య వాణ్ణి ఉయ్యాల్లో వేసింది, కానీ వేసిన వెంటనే చేతులు తీసేసుకుంది. ఉగ్గుపాలు పట్టే వేళకు నాన్న తరఫు ముసలావిడ ఒకరు, "పాలు వాళ్ళమ్మే పడుతుందిలే" అని అందరికీ వినబడేలా అంది. మంచం మీద గోడకు చేరగిలబడిన అమ్మ, వాణ్ణి రెండు చేతులా ఎత్తి ముందుకు చాపింది. "నా చేతులు నొప్పిగా ఉన్నాయి. నువ్వే పట్టు వదినా" అంది. అమ్మ చేతులు నొప్పిగా లేవని ఆ గదిలో అందరికీ తెలుసు. అత్తయ్య సంచిలోంచి గిన్నె తీసింది. చింతపండు పెట్టి తోమిందేమో ధగధగా మెరుస్తోంది. సొట్ట మాత్రం అలాగే ఉంది. వాణ్ణి ఒళ్ళో వేసుకుని గిన్నె ముక్కు పెదవికి ఆనించి, వంచీ వంచనట్టు వంచింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినబడింది. పెదవుల్లో లెక్కపెట్టుకుంటోంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఆగింది. వాడు గుటక వేశాడు. మళ్ళీ ఒకటి, రెండు. వాడికి ఆకలెక్కువై కాళ్ళు తన్నుకుని ఏడ్చినా ఆరో చుక్క వెయ్యలేదు. ఆ గిన్నెడు పాలూ పట్టడానికి గంట పట్టింది. ఎవరూ తొందర చెయ్యలేదు.

ఆ పదిహేడూ పెరిగి, వాటి పిల్లలు, పిల్లల పిల్లలతో తెనాలిలో సగం వీధి అద్దాల పెట్టెలు నిండాయి. మామయ్య రిటైరై బాపట్లలో ఇల్లు కట్టుకున్నాక కూడా వసారాలో గురామీలు ఉండేవి. ఆయన పోయాక వాటిని అత్తయ్యే చూసుకుంది. ఇటీవల తెనాలిలో రంగుచేపల దుకాణం ఒకటి కనబడితే లోపలికి వెళ్ళాను. అప్పుడే పుట్టిన చేపపిల్లలకు పెట్టే పొడి చిన్న పొట్లాల్లో వేలాడుతోంది, చిటికెడు వేస్తే చాలట, కంపు లేదట. మంచిదే. ఆ కుళ్ళునీళ్ళ కోసం ఎవరు బాధపడతారు. కానీ ఆ కంపు మధ్య ఒక మనిషి ఊపిరి బిగబట్టి చుక్కలు లెక్కపెట్టడం, ఒక మడిమనిషి చెట్టు చాటున గుడ్డు వొలవడం పొట్లంలో రావు కదా అనిపించి, ఏమీ కొనకుండా వచ్చేశాను. ఇప్పుడు అందరం అన్నీ ఒక్కసారే పెట్టేసి పెళ్ళికి పరుగెత్తేవాళ్ళమే అయ్యాం. ఈ మాట అనడానికి నాకంటే అర్హురాలు లేదు.

అత్తయ్య మాత్రం చివరిదాకా ఆ కథ తన పద్ధతిలోనే చెప్పింది. నా పెళ్ళిలో మావారికి చెప్పింది, మా అత్తగారికి చెప్పింది, నా పిల్లలకు చెప్పింది. "నాకోసం అబద్ధమాడిన పిల్ల" అని. నేను ప్రతిసారీ అడ్డుపడేదాన్ని, ఆవిడ ప్రతిసారీ నవ్వేది. పోయిన వేసవిలో బాపట్ల వెళ్ళినప్పుడు ఇదే ఆఖరుసారి కావచ్చని, పక్కన కూర్చుని మొదటినుంచీ చెప్పాను, డబ్బా ఎక్కేటప్పుడు ఎడమకాలు ఎక్కడ పెట్టానో కూడా. ఓపిగ్గా విని నా చెయ్యి నిమిరి, "అప్పటికంటే ఇప్పుడు బాగా చెప్తున్నావే" అంది.

అబద్ధమాడిన పిల్ల కథ తమ్ముడూ వింటూ పెరిగినవాడే గానీ, ఈ గిన్నె సంగతి వాడికి తెలియదు. ఇదంతా మొన్న చెప్పాను. గిన్నెను వాడి అరచేతిలో పెట్టి, ముక్కు ఎటు తిప్పి పట్టాలో చూపించాను. "అంటే చేపల్ని ముంచిన గిన్నెతో నాకు పాలు పట్టారా!" అని మొదట బిక్కమొహం వేసి, తర్వాత చాలాసేపు దాన్ని తిప్పి తిప్పి చూశాడు. సొట్టను బొటనవేలితో తడిమాడు. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అదే అదునని, "ఒరే, నువ్వైనా నమ్ము. ఆ చేపల్ని చంపింది నేనేరా. ఆవిడ చేతిలో ఏ దోషమూ లేదు" అన్నాను. వాడు కళ్ళు తుడుచుకుని, అత్తయ్య చేతిపాలు తాగిన పోలికేమో, అచ్చం ఆవిడలాగే నవ్వాడు.

"ఊరుకో అక్కా. పోయాక కూడా ఆవిణ్ణి వెనకేసుకొస్తున్నావు" అన్నాడు.